కాటా దగ్గర కొట్లాడే మనం, పానా దగ్గర ఎందుకు నోరు మూసుకుంటాం?

అన్నలారా, ఈ మాట కొందరికి కండ్లల్లో కారం పడినట్టు ఉంటుంది. అయినా చెప్పాల్సిందే.

పత్తి ఆదోనికి తోలినా, ఉల్లిగడ్డలు కర్నూలుకు తీసుకపోయినా, కాటా దగ్గర మనం ఎట్లుంటామో అందరికీ తెలుసు. కాటా కింద ఏమన్నా ఉందేమోనని వంగి చూస్తాం. ముందు సున్నా చూపించమంటాం. అర కిలో తేడా వస్తే గొంతు లేస్తుంది. మంచిదే, లేవాల. 2018లో యూరియా మూట 50 కిలోల నుంచి 45కు దిగినప్పుడు, రాత చూడకుండా భుజాన వేసుకొనే తేడా కనిపెట్టినోళ్లు మన ఊర్లల్లోనే ఉన్నారు. అదే మనిషి, ట్రాక్టర్ హెడ్డు బిగించే దగ్గర "పాత పానానే అన్నా, కంపెనీది, తప్పు పోదు" అంటే తల ఊపి ఊరుకుంటాడు. ఇంకొందరైతే పానానే వద్దంటారు, "నా చెయ్యే లెక్క" అంటారు.

వ్యాపారి కాటాకు చట్టం ఉంది. తూనికలు కొలతల శాఖోళ్లు ఏడాదికొకసారి ఎలక్ట్రానిక్ కాటాను పరీక్ష చేసి ముద్ర వేయాల. మన షెడ్డులో ఉండే టార్క్ పానాకు ముద్ర వేసేవాడు ఎవడూ రాడు. అది తప్పు చెప్తే జరిమానా మనకే.

నేను కట్టినాను ఆ జరిమానా. పోయిన అక్టోబరులో నల్లరేగడి పదును మీద ఉంది, శనగ విత్తాల. ట్రాక్టర్ హెడ్డు గ్యాస్కెట్ పోయింది, రేడియేటర్లో బుడగలు. కొత్తది వేసి, మా నాయన కొన్న టార్క్ పానాతో పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారమే నేనే బిగించినాను. ఎనిమిది దినాలకు మళ్లీ పోయింది. పదును ఆరిపోతుంటే బాడుగ ట్రాక్టర్ కోసం నాలుగిండ్లు తిరిగి, ఆఖరికి సగం చేను ఆలస్యంగా విత్తినాను, మొలక పలచగా వచ్చింది. దొంగ గ్యాస్కెట్ అంటగట్టినావని అంగడాయనతో పదిమందిలో గొడవ పడినాను. పానా మీద అనుమానం అప్పటికీ రాలేదు.

అనుమానం వచ్చినాక చూసిన పద్ధతి చెప్తా. ఖర్చు లేదు. వైస్, బకెట్, తాడు, చెంబు, ముద్ర ఉండే కాటా, అంతే.

పానా తల దగ్గర సాకెట్ తగిలించే చదరపు ముక్కను వైస్‌లో పట్టించి, పానాను నేలకు సమంగా అడ్డంగా నిలపాల. ఆ చదరం నడిమధ్య నుంచి, చెయ్యి పట్టుకునే చోటు నడిమధ్య వరకు టేపుతో కొలవాల. పానా మొత్తం పొడవు కాదు, ఇక్కడే చానామంది తప్పుతారు. నాది 40 సెంటీమీటర్లు. సెట్టింగు 80 న్యూటన్ మీటర్ల మీద పెట్టినాను. 80ని 0.4తో భాగిస్తే 200 న్యూటన్లు. దాన్ని 9.81తో భాగిస్తే 20.4 కిలోలు. అంటే పట్టు దగ్గర 20.4 కిలోల బరువు పడినప్పుడు టక్ మనాల.

పానాకు కూడా సొంత బరువు ఉంటుంది, దాన్ని మర్చిపోతే లెక్క చెడుతుంది. నా పానా 1.2 కిలోలు. స్క్రూడ్రైవర్ మీద ఆనించి చూస్తే చదరం నుంచి 18 సెంటీమీటర్ల దగ్గర తూగింది. 1.2ను 18తో గుణించి 40తో భాగిస్తే అర కిలో పైచిలుకు. అంటే తాడుకు వేలాడాల్సింది 19.9 కిలోలు.

నానా రోజులు పెట్టెలో పడి ఉండే పానాలో గ్రీజు గట్టిపడి ఉంటుంది కాబట్టి ముందు ఐదారుసార్లు టక్ అనిపించి, తర్వాత పట్టు నడిమధ్యన తాడు కట్టి బకెట్ వేలాడదీయండి. కింద రెండు వేళ్ల సందు ఉండేటట్టు ఇటుకలు పెట్టండి, కాలి మీద పడకుండా. చెంబుతో నిదానంగా నీళ్లు పోయండి. టక్ మన్న వెంటనే ఆపి, బకెట్టు, తాడు, నీళ్లు అన్నీ కలిపి కాటా మీద పెట్టండి. మూడుసార్లు చేయండి. ఆ కాటా మీదే నమ్మకం లేకుంటే లీటరు నీళ్లు తూచండి. మన ఎండలకు 40 డిగ్రీల వేడి నీళ్లయినా లీటరు 992 గ్రాములు తూగుతుంది, తేడా ఒక శాతం లోపలే.

నాది 16.5 కిలోలకే టక్ మంది. మూడుసార్లూ ఆ చుట్టుపక్కలే. అంటే 80 అని చెప్పి 67 దగ్గరే చాలు అంటోంది. ఇట్లాంటి పానాలకు ప్రపంచమంతా ఒప్పుకునే తేడా నూటికి 4, అంటే 77కు 83కు మధ్య ఉండాల. ఎందుకు చెడిందంటే, నా తప్పే. వాడినాక సెట్టింగు కిందికి దించకుండా ఏండ్ల తరబడి 110 మీదే పెట్టెలో పడేసినాను. లోపల స్ప్రింగు నొక్కుకొనే ఉండి సత్తువ పోయింది. గ్యాస్కెట్‌ది కాదు తప్పు.

ఇంకొక ఉచ్చు. పాత పానాల మీద ఫుట్ పౌండ్ల గీతలు ఉంటాయి. పుస్తకంలో 100 న్యూటన్ మీటర్లని ఉంటే ఆ గీతల్లో 100 పెట్టినారనుకో, బోల్టు మీద పడేది 135. బోల్టు తెగితే ఇనుము మంచిది కాదంటాం.

"మా తాత ఎద్దుల బండికి ఏ టార్క్ పానా వాడినాడు?" అని అడిగేవాళ్లు ఉన్నారు. తాత బండికి ఇరుసుకు సీల కొడితే చాలు, చక్రం పోదు. అది అడ్డం నిలబడి పని చేస్తుంది. బోల్టు అట్లా కాదు, సాగి, స్ప్రింగు మాదిరి లాగి పట్టుకొని పని చేస్తుంది. సాగింది చాలకుంటే వదులవుతుంది, ఎక్కువైతే తెగుతుంది. బేతంచెర్ల బండలు నింపుకొని ఘాటు దిగే ట్రాలీ చక్రం నట్లను చెయ్యి లెక్కకు వదిలేస్తారా?

చదువుకున్న తమ్ముళ్లు ఇంకో మాట అంటారు, ఇంట్లో చూసేది లెక్కలోకి రాదు, ల్యాబుకు పంపాల అని. సర్టిఫికెట్ కావాలంటే పంపాల్సిందే, కాదనను. నాకు కావాల్సింది పానా మంచిదా చెడిందా అనేది. నూటికి 16 తేడాను బకెట్ పట్టిస్తుంది. ఇంకొకటి, మనం తిప్పే బలంలో పదో వంతు మాత్రమే బోల్టును లాగుతుంది, మిగిలిందంతా రాపిడికే పోతుంది. మర మీద తుప్పు ఉంటే ఒక రకం, నూనె ఉంటే ఇంకో రకం. ముందే ఇంత తేడా ఉండే పనిలో పానా తేడా కూడా ఎందుకు కలుపుకోవాల? పానాకు పైపు తొడిగి లాగే అలవాటు కూడా మానుకోండి. పొడవు మారితే ఈ లెక్కంతా మారిపోతుంది.

ఆ పానాను హెడ్డు పనికి ఇక వాడను. మూడు సెట్టింగుల దగ్గర చూసి, ఎక్కడ ఎంత తక్కువ చెప్తుందో పిడి మీద పెయింటుతో రాసి, ట్రాలీ నట్లకు పెట్టుకున్నాను. గ్యాస్కెట్ అంగడాయన దగ్గరికి పోయి, తప్పు నాదేనని అదే పదిమందిలో ఒప్పుకొని వచ్చినాను. ఆయన టీ తెప్పించినాడు గానీ ఇంకా ముభావంగానే ఉన్నాడు.

మీ షెడ్డుల్లో ఉండే పానాలకు ఈ ఆదివారం బకెట్ కట్టండి. సెట్టింగు ఎంత, పొడవు ఎంత, ఎన్ని కిలోలకు టక్ మంది, మూడూ కింద రాయండి. లెక్క రాకుంటే నేను వేసి చెప్తా.