మేలు జాతి కుక్క: మేలు ఎవరికి?

వార్షికోత్సవ సంచికలో కుక్కల మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వినా సరే, చదవమని కోరుతున్నాం. మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు కొందరు హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకోగానే పిల్లలు అడిగారని వేలు పోసి "జాతి కుక్క"ను కొంటున్నారు. పండగకు కౌడిపల్లి వచ్చినప్పుడు వెంట తెస్తున్నారు కూడా.

మేము ఎక్కువగా చూసింది పగ్. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో చిన్న పిల్లవాడి వెంట నడిచింది అదే. కంపెనీ పేరు ఎప్పుడో మారింది గానీ మన దగ్గర దాన్ని ఇంకా "హచ్ కుక్క" అనే అంటారు. ముడతల ముఖం చూస్తే ముద్దొస్తుంది. కానీ అది పెట్టే గురక ముద్దు కాదు, జబ్బు. మూతి పొట్టిగా ఉండాలని తరతరాలుగా ఏరి ఏరి ఈనించడం వల్ల ఎముక తగ్గింది, లోపలి కండ మాత్రం తగ్గలేదు. ముక్కు రంధ్రాలు ఇరుకయ్యాయి, మెత్తని అంగిలి గొంతుకు అడ్డుపడుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పితేనే వేడి తగ్గుతుంది. ఊపిరే ఆడని కుక్క మన మే నెల ఎండలో ఏమవుతుంది? బుల్‌డాగ్‌ల సంగతి మరీ ఘోరం. పిల్లల తలలు పెద్దవి కావడంతో చాలా తల్లులకు ఆపరేషన్ చేసే పిల్లల్ని తీయాలి.

జాతి చెడకూడదని దగ్గరి రక్తంలోనే జతకట్టిస్తారు. మనుషుల్లో మేనరికాలు వద్దని సైన్స్ సార్ చెప్పే కారణమే ఇక్కడా. దాగి ఉన్న లోపాలు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తాయి. రక్తశుద్ధి అనే మాట మనకు కొత్త కాదు. మనుషుల విషయంలో ఆ వాదన ఎంత బూటకమో బాబాసాహెబ్ 1936లోనే "కుల నిర్మూలన"లో విప్పి చెప్పారు. కుక్కల దగ్గరికి వచ్చేసరికి అదే మాటకు సర్టిఫికెట్ చూసి మరీ డబ్బు కడుతున్నాం.

మన దేశంలో 2017 నుంచి నిబంధనలున్నాయి. ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆడకుక్కను 18 నెలల లోపు, 8 ఏళ్లు దాటాక ఈనించరాదు. జీవితంలో 5 ఈతలు మించరాదు. నమోదు పత్రం ఏది, తల్లికుక్క ఎక్కడ అని అడిగి కొన్నారా అంటే, మాకు తెలిసిన అన్నల్లో ఒక్కరూ అవుననలేదు.

పోయిన వానాకాలం మెస్ వెనక గోడ పక్కన ఒక ఊరకుక్క ఈనింది. ఐదు పిల్లల్లో రెండు దక్కాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించాం. ఒకదాన్ని వంటమనిషి అక్క సాదుకుంటోంది. ఇంకొకటి ఉంది. చెవులు నిటారుగా, గోధుమ రంగు, గురక లేదు. వార్షికోత్సవానికి వచ్చే అన్నల్లో ఎవరికైనా కావాలంటే వార్డెన్ గారిని అడగండి.