మన బాలికలు – జీవనోపాధులు: ఫాస్టు బౌలరు



యాసంగి వరికోతలు ముగిసిన పిమ్మట మా హాలియాలో సాయంకాలమగుసరికి మళ్ళన్నియు ఆటస్థలములగును. సాగరు ఎడమ కాలువ నీట పండిన నేల ఎండి గట్టిపడగనే పిల్లలు కొయ్యకాళ్ళు చెక్కివేసి, మూడు కర్రలు నాటి, క్రికెట్టు మొదలిడుదురు. ఈ యేడు వారిలో ఒక బాలిక చేరినది. పదుమూడేండ్లది. కాళ్ళకు చెప్పులైన లేకుండ ఒడ్డుమీదినుండి పరుగెత్తివచ్చి ఆమె వేయు బంతిని ఎదుర్కొనుటకు తనకంటె పెద్దవాండ్రే జంకుచున్నారు.

ఆ పిల్ల తల్లి ఒకనాడు నాకడకు వచ్చి, “అక్కా, పిల్ల హైదరాబాదు పోయి ఈ ఆట నేర్సుకుంటనంటున్నది. పంపుమంటవా? ఆడివిల్లకు దీనితోని బతుకు ఎల్లుతదా?” అని యడిగినది. కష్టించి కూడబెట్టిన నాలుగు రూపాయలను ఏ దారిన పెట్టవలెనను చింత ఆ ప్రశ్నలో గలదు. కావున తోచినమాట యొకటి చెప్పి పంపక, తెలిసిన సంగతులు ఆమె ముందుంచితిని. వానినే మీకును మనవి చేయుచున్నాను.

ఒకప్పుడు ఈ ఆటతో బ్రదుకు వెళ్ళెడిది కాదు. మన దేశమున మహిళా క్రికెట్టు సంఘము 1973లో ఏర్పడినది. 2006లో అది పురుషుల ఆటను నడపు బోర్డులో కలిసినది. ఆ కాలమున క్రీడాకారిణులకు అన్నము పెట్టినది ఆట గాదు, రైల్వే ఉద్యోగము. ఇప్పుడు కాలము మారినది. భారత జట్టున ఆడు స్త్రీలకును పురుషులకును ఆటకు ఇచ్చు రుసుము సమానముగ నుండవలెనని 2022 అక్టోబరులో బోర్డు నిర్ణయించినది. టెస్టు ఆటకు 15 లక్షలు, ఒకరోజు ఆటకు 6 లక్షలు, ఇరువది ఓవర్ల ఆటకు 3 లక్షలు. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగు మొదలైనది.

ఈ తెరువున నడచినవారిలో మన హైదరాబాదు ఆడుబిడ్డ అరుంధతీరెడ్డి కలదు. 1997లో జన్మించిన ఈమె 2018 సెప్టెంబరులో శ్రీలంకపై తొలిసారి భారత జట్టున ఆడినది. 2021 తరువాత జట్టులో చోటు పోయినది. సుమారు మూడేండ్లు పిలుపు లేదు. అట్టి సమయమున 2023లో ఆమె రైల్వేల జట్టును విడిచి కేరళ జట్టున చేరినది. ఎందరో క్రీడాకారిణులకు నీడనిచ్చిన సంస్థను వీడి, ఆటనే నమ్ముకొనుట సామాన్యమైన తెగువ గాదు. 2024లో మరల పిలుపు వచ్చినది. ఆ యేడు అక్టోబరు 6వ తేదీన దుబాయిలో, ప్రపంచకప్పు ఆటలో పాకిస్తానుపై 19 పరుగులకు 3 వికెట్లు తీసి, ఆనాటి ఉత్తమ క్రీడాకారిణి యనిపించుకొన్నది. డిసెంబరులో పెర్తు నగరమున ఆస్ట్రేలియావారి తొలి నాలుగు వికెట్లును తానే తీసినది. ఆ ఆటలో మనవారు ఓడినను ఆమె పని ఓడలేదు. 2025 నవంబరులో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఆమెయు నొకతె. అయినను ఆ పోటీలలో ఒక్క ఆటయు ఆడు అవకాశము ఆమెకు చిక్కలేదు. ఈ వృత్తి యిట్టిది.

“ఆమె పట్నపుపిల్ల గదా” యందురేమో. కర్నూలు జిల్లా ఆదోని మన హాలియావలెనే పట్నములకు దూరమున నున్న ఊరు. అక్కడి అంజలీశర్వాణి ఎడమచేత వేగముగ బంతి వేయుచు 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారత జట్టున ప్రవేశించినది. 2023 వేలమున ఒక జట్టువారు ఆమెను 55 లక్షలకు తీసికొనిరి. కాని తరువాత భారత జట్టున ఆమెకు దొరకిన ఆటలు కొలదియే. రాబడి పెద్దదే గాని, వానవంటిది. ప్రతియేడును పడునని చెప్పరాదు.

ఇక దేహమును గూర్చి తల్లులు తెలిసికొనవలసినది ముఖ్యము. స్త్రీలు ఆడు తోలుబంతి 140 మొదలు 151 గ్రాములు తూగును. దానిని ఇరువదిరెండు గజముల దూరము వేగముగ వేయునప్పుడు, ముందుకాలు నేల మోపుటలో దేహపు బరువునకు అనేక రెట్లు ఒత్తిడి కలుగును. ఎదుగు వయసున లెక్కలేకుండ బంతులు వేసినచో నడుమెముకలో సన్నని చీలిక పుట్టును. కావున దినమునకిన్ని బంతులని పరిమితియు, వారమున విశ్రాంతి దినములును ఉండవలెను. పప్పు, గ్రుడ్లు, పాలు, ఆకుకూరలు కడుపునిండ పెట్టవలెను. మగపిల్లవానికి పెట్టిన పిదప మిగిలినది ఈ పిల్లకు చాలదు. కఠినముగ శ్రమించి తక్కువ తిను బాలికలకు నెలసరి తప్పుటయు గలదు. అది మంచికే యనుకొనక వైద్యురాలికి చూపవలెను. ఇట్లు దేహమును కాపాడుకొన్నవారు చిరకాలము నిలుతురు. వంగదేశమున చక్దహా యను చిన్నయూరినుండి తెల్లవారుజామున రైలెక్కి కలకత్తాపోయి నేర్చిన ఝులన్ గోస్వామి 2002 మొదలు 2022 వరకు ఆడి, ఒకరోజు ఆటలలో 255 వికెట్లు తీసినది.

ఇన్ని చెప్పి ఆ తల్లితో నేనన్నదేమనగా: “పంపుము. కాని చదువు మాన్పింపకుము. హైదరాబాదు సంఘమువారు వయసులవారీగ బాలికలను ఎంపిక చేయుదురు. అక్కడ నాలుగుసార్లు చూపించుము. ఒకసారి తీసికొననిచో పిల్లను నిందింపకుము. భారతదేశమున కెక్కినదని గాక, దేహము గట్టిపడి, నలుగురిలో తలయెత్తి నిలుచుట నేర్చినదను లాభమును ముందు లెక్కింపుము.”

ఆమె తలయూపి వెళ్ళినదే గాని ఔననలేదు, కాదనలేదు. మొన్న అంగడిలో పిల్ల పాదమును కాగితముపై గీసికొనివచ్చి, ఆ కొలతకు బూట్లు బేరమాడుచుండగ చూచితిని.

మీ యూళ్ళలోను ఒడ్డుమీదినుండి పరుగెత్తు పిల్ల యుండినచో, ఆమెను లోనికి పిలుచుటకు ముందు ఒక్కక్షణము నిలిచి, ఆ బంతి ఎట్లు పోవుచున్నదో చూడుడు.