బిడ్డ పలికితే ఊకొట్టండి

ఊయలలో బిడ్డ కాళ్లు తపతపలాడిస్తుంటే ఉత్త ఆటే అనుకుంటాం. అందులో పెద్ద చదువే ఉంది. కరొలిన్ రోవీ అనే పరిశోధకురాలు 1969లో వెలువడిన తమ అధ్యయనంలో, రెండు మూడు నెలల పసివాళ్ల కాలికి పట్టుతాడు కట్టి, రెండో కొసను పైన వేలాడే బొమ్మలకు కలిపారు. కాలు కదిపితే బొమ్మలు ఊగడం చూసి పిల్లలు మరింతగా తన్నసాగారు. "నేను చేస్తే జరుగుతుంది" అన్నది బిడ్డ నేర్చే తొలి పాఠాల్లో ఒకటి.

సెల్‌ఫోను ఈ పాఠం చెప్పదు. బిడ్డ తన్నినా తన్నకపోయినా అందులో బొమ్మలు వాటి దారిన ఆడతాయి. ఏడాది లోపు పిల్లలకు తెరలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

పసిబిడ్డకు మెల్లగా ఊపడం, జోలపాట రెండూ అవసరమని ఇబ్నె సీనా సుమారు వెయ్యేళ్ల కిందటే 'అల్ ఖానూన్'లో రాశారు. వాటికి మీ జవాబు కూడా జోడించండి. "ఉంగా" అంటే ఊకొట్టండి. నవ్వితే నవ్వండి. చేతికి గిలక్కాయ ఇవ్వండి. ఏడిస్తే పలకండి, దానితో బిడ్డ చెడిపోదు. మూడు నెలలు దాటినా చప్పుళ్లకు స్పందించకపోతే, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే అనుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.