వెలుగు ఎటునుంచి పడుతోంది?

ఫొటోలను కలిపి ఊహాచిత్రాలు కట్టే విద్యకు ఈ సంచికను కేటాయించాం. ఇది కంప్యూటర్‌తో పుట్టిన కళ కాదు. 1857లోనే ఫొటోగ్రాఫర్ ఆస్కార్ రెయిలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే దృశ్యాన్ని అచ్చువేశాడు. అమెరికాలో జెర్రీ యుల్స్‌మన్ డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్లను వరసగా పెట్టుకుని, ఒకే కాగితాన్ని వాటి కిందికి జరుపుతూ చెట్లను గాలిలో తేల్చాడు. మన 'మాయాబజార్' సినిమాలో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన మాయలూ ఈ కోవలోవే.

ఫొటోషాప్‌లోకి లేయర్లు 1994లో వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవారికి నా మనవి ఒకటే: ఫిల్టర్ల జోలికి తర్వాత వెళ్ళండి, ముందు లేయర్ మాస్క్ పట్టుబడాలి. మాస్క్ మీద నలుపు పూస్తే బొమ్మ దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. అసలు ఫొటో చెక్కుచెదరదు కాబట్టి ధైర్యంగా ప్రయోగాలు చేయవచ్చు.

ఆపైన వెలుగు. గోల్కొండ బురుజు మీద తిమింగలాన్ని ఎగరేయండి, ఎవరూ కాదనరు. బురుజుకు ఎడమనుంచి, తిమింగలానికి కుడినుంచి ఎండ పడితే మాత్రం కన్ను వెంటనే పట్టేస్తుంది. నేలమీద నిలబడ్డ మనిషి నీడ పాదాల దగ్గర ముదురుగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడాలి, అంచులు మెత్తబడాలి. ఈ నీడల పాఠానికే ఎక్కువ పేజీలిచ్చాం. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌తోనూ ఇవన్నీ సాధ్యమే.

కల్పించిన ప్రతి బొమ్మ కిందా 'ఊహాచిత్రం' అని అచ్చువేశాం. వార్తాఫొటోకూ దీనికీ మధ్య గీత చెరగకూడదని మా గట్టి నమ్మకం. పాఠకులూ తమ బొమ్మలతోపాటు మూల ఫొటోలు పంపాలి.