అది నేరేడు రసం కాదమ్మా!

న్యూజెర్సీలోని ఎడిసన్. జులైలో ఓ శనివారం సాయంత్రం. ఓ తెలుగింటికి అల్లుడుగారి ఆఫీసు మిత్రులు భోజనానికి వస్తున్నారు. అమ్మాయి పొయ్యి దగ్గర గుత్తివంకాయతో కుస్తీ పడుతోంది. మనవల్ని చూసుకోవడానికి తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ కీరా తరుగుతోంది. అల్లుడు మాత్రం ఓ మూల నిలబడి రెండు చేతులతో మరచెంబు పట్టుకుని తెగ ఊపేస్తున్నాడు. ఆవిడ సూట్‌కేసులో గోంగూర పచ్చడితోపాటు సముద్రాలు దాటి వచ్చిన మరచెంబే అది!

'ఏం బాబూ, వెన్న తీస్తున్నావా?'

'కాదత్తయ్యా... మార్టినీ.'

అదేమిటో ఆవిడకు తెలియదు. అడిగే తీరికా లేదు. దాహమేసి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల రెండు గాజు జగ్గులు. రెంటిదీ ఒకటే రంగు. చిక్కటి ఊదా, కాస్త దూరం నుంచి చూస్తే నలుపే. 'అబ్బ, నేరేడు రసంలా ఎంత బాగుందో!' అనుకుంటూ ఓ జగ్గులోంచి పెద్ద గ్లాసు నిండా వంపుకుంది. సమయానికి అమ్మాయి వెనక్కి తిరిగి చూడబట్టి సరిపోయింది. 'అది నేరేడు రసం కాదమ్మా! తాగకు!' అంటూ ఒక్క అంగలో వచ్చి గ్లాసు లాగేసుకుంది.

ఒక జగ్గులో ఉన్నది పిల్లల ద్రాక్షరసం. రెండోదాంట్లో ఉన్నది వోడ్కా, బ్లాక్‌బెర్రీ పాకం, బ్లాక్‌కరెంట్ మద్యం కలిపిన సరుకు. చూస్తే తేడా తెలియదు. చల్లగా తాగితే నాలుక్కీ వెంటనే తెలియదు. ఈ పానీయం గొప్పా అదే, దాంతో వచ్చే గొడవా అదే.

నిజానికి అసలు సిసలు మార్టినీకి రంగే ఉండదు. జిన్నులో, మూలికలు కలిపిన డ్రై వెర్మూత్ అనే వైను కాస్త చేర్చి, ఐసుతో చల్లబరిచి, పొడుగుకాడ గ్లాసులోకి వడగట్టి ఓ ఆలివ్ కాయ పడేస్తారు. అంతే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో వోడ్కా వాడకం పెరిగి జిన్ను జాగాలోకి అదీ వచ్చింది. జేమ్స్ బాండ్ పుణ్యమా అని వోడ్కా మార్టినీ పేరు ఊరూరా తెలిసింది. ఆ తరవాతే కథ అడ్డం తిరిగింది. 1980, 90ల్లో న్యూయార్క్, లండన్ బార్లవాళ్లు ఆ మూడుమూలల గ్లాసులో ఏది పోసినా మార్టినీ అనేశారు. యాపిల్ రుచితో చేస్తే యాపిల్‌టినీ. కాఫీ పోస్తే ఎస్ప్రెసో మార్టినీ. రాస్ప్‌బెర్రీ మద్యం, అనాస రసం కలిపితే ఫ్రెంచ్ మార్టినీ. ఇడ్లీరేకులో ఉడికినవన్నీ ఇడ్లీలే అన్నట్టన్నమాట!

ఇన్ని వేషాలకూ వోడ్కానే ఎందుకంటే, దానికంటూ చెప్పుకోదగ్గ రుచీ వాసనా లేకపోవడమే. స్లావ్ భాషల్లో 'వోదా' అంటే నీళ్లు. 'వోడ్కా' ఆ మాటకు ముద్దుపేరు లాంటిది. నీళ్లలాగే ఏది కలిపితే దాని రంగు, దాని రుచి.

నలుపు తెచ్చేది మాత్రం పళ్లే. అందులో పెద్దపీట బ్లాక్‌కరెంట్‌ది. ఐస్‌క్రీమ్ పార్లర్ల పుణ్యాన ఆ పేరు మన పిల్లలకూ తెలుసు. అయితే చాలామంది అనుకునేట్టు అది ఎండు నల్లద్రాక్ష కాదు. చలిదేశాల్లో పొదలకు గుత్తులుగా కాసే పుల్లటి చిన్నపండు. ఫ్రాన్స్‌లోని దిజోన్ పట్టణంలో 1841 నుంచి దాంతో 'క్రెమ్ ద కసీస్' అనే తీపి మద్యం చేస్తున్నారు. పేరులో క్రీమున్నా పాలచుక్క ఉండదు. ఆ పేరుతో అమ్మాలంటే లీటరుకు కనీసం 400 గ్రాముల పంచదార ఉండాలని ఐరోపా నిబంధన. అంటే మద్యం పోసిన పానకమే! అమెరికన్లకు మాత్రం ఈ పండు చాలాకాలం దూరమైంది. పైన్ చెట్లను చంపే ఓ తెగులుకు ఈ పొదలు ఆశ్రయమిస్తున్నాయని 1911లో అక్కడి ప్రభుత్వం సాగును నిషేధించింది. 1966లో కేంద్రం పట్టు సడలించినా రాష్ట్రాలు అంత తొందరగా వదల్లేదు. న్యూయార్క్ రాష్ట్రం ఒప్పుకొన్నది 2003లో.

పండుతో పనిలేకుండా నల్లబడిన వోడ్కా కూడా ఒకటుంది. 1990ల్లో బ్రిటన్‌లో 'బ్లావాడ్' పేరుతో కారునలుపు వోడ్కా సీసాలు బజారుకొచ్చాయి. ఆ రంగు ఎక్కడిదనుకున్నారు? కాచుది! చండ్రచెట్టు చేవను ముక్కలుగా కొట్టి, నీళ్లలో మరిగించి తీసే కాచు. మన తాంబూలంలో వేసుకునేదే. లండన్ బార్లలో ఆ నల్లవోడ్కాను ఎర్రటి క్రాన్‌బెర్రీ రసం మీద మెల్లగా పోసి, రెండు రంగులూ విడివిడిగా తేలుతుంటే ముచ్చటపడేవారు.

అల్లుడుగారి పద్ధతి అంత ఆర్భాటమైనది కాదు. ఇంట్లో చేయడమంటే బట్టీ పెట్టడమూ కాదు, కొన్న సీసాలోది కలుపుకోవడమే. వోడ్కా సీసానూ గ్లాసులనూ మధ్యాహ్నమే ఫ్రీజర్లో పెట్టాడు. ఇంటి ఫ్రీజర్ సున్నాకు దిగువన 18 డిగ్రీల దాకా వెళ్తుంది. 40 శాతం వోడ్కా ఆ చలికి గడ్డకట్టదు, కాస్త చిక్కబడుతుందంతే. తరవాత రెండు గుప్పెళ్ల బ్లాక్‌బెర్రీలు, రెండు చెంచాల పంచదార, పావుకప్పు నీళ్లు కలిపి పొయ్యి మీద అయిదు నిమిషాలు ఉడికించాడు. గరిటెతో మెదిపి టీ జల్లెడలో వడగట్టాడు. గింజలు పంటికింద పడితే చికాకు కదా. పాకం పూర్తిగా చల్లారాకే మిగతా పని.

ఒక్కో గ్లాసుకు లెక్క ఇదీ: వోడ్కా 60 మిల్లీలీటర్లు, పండు పాకం 30, కసీస్ 15, నిమ్మరసం 10. ఈ నిమ్మరసం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. బడిలో మందారపువ్వు రసంలో నిమ్మకాయ పిండి రంగు మార్చిన ప్రయోగం గుర్తుందా? ఈ పళ్లలోని రంగూ ఆ జాతిదే. పులుపు పెరిగేకొద్దీ నలుపు కాస్తా ఎరుపవుతుంది. నల్లగా ఉండాలనుకునేవారు పిండుడు తగ్గించుకోవాలి. పులుపు చాలకపోతే చిటికెడు ఉప్పు వేసినా తీపి మొహం మొత్తకుండా ఉంటుంది.

జిన్ను, వెర్మూత్ లాంటి తేటవి కలిపేటప్పుడు చెంచాతో తిప్పాలనీ, పళ్లరసాలు చేరితే గట్టిగా ఊపాలనీ బార్లలో ఓ ఆచారం. రసం చిక్కన, వోడ్కా పల్చన. రెండూ కలవాలంటే కుదుపు కావాలి మరి. దానికి షేకర్ అని వేరే పాత్ర అమ్ముతారుగానీ మరచెంబు దానికేం తీసిపోదు. సగానికి ఐసు ముక్కలు వేసి, పన్నెండు పదిహేను సెకన్లు ఊపి, వెంటనే వడగట్టేయాలి. ఈలోగా కరిగే ఐసునీళ్లు లోపం కాదు. ఆ నీళ్లు చేరకపోతే గొంతు మండుతుంది. చలికి మూత బిగుసుకుపోతే కంగారుపడక, అంచు చుట్టూ రెండు క్షణాలు అరచెయ్యి ఆనిస్తే చాలు.

మరి ఈ గ్లాసు బలమెంత? వోడ్కాలో 24 మిల్లీలీటర్లు, కసీస్‌లో రెండు మూడు... కలిపి సుమారు 26 మిల్లీలీటర్ల ఆల్కహాలు. ఇది అక్కడి ఒకటిన్నర బీరు డబ్బాలకు సమానం. బీరైతే చేదు ఉంటుంది, పొట్ట నిండుతుంది, చెయ్యి దానంతటదే ఆగుతుంది. దీనికి ఆ అడ్డేమీ లేదు. తీపి, చల్లదనం, పండు వాసన కలిసి వోడ్కాను దాచేస్తాయి. రెండో గ్లాసు అయ్యేసరికి మూడు డబ్బాల బీరు లోపలికి పోయినా పళ్లరసం తాగినట్టే ఉంటుంది. కారు తాళం జేబులో ఉన్నవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు. న్యూజెర్సీలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములకు చేరితే కేసు. ఇండియాలో ఆ హద్దు ఇంకా తక్కువ, 30 మిల్లీగ్రాములే.

పెద్దావిడ వంపుకున్నదైతే ఇంతకంటే ఘాటు సరుకు. జగ్గులో ముందుగా కలిపి ఉంచినదాంట్లో ఐసునీళ్లు చేరవు కదా! ఆ పెద్దగ్లాసు 200 మిల్లీలీటర్లు పడుతుందనుకుంటే, అందులో ఆల్కహాలు దాదాపు 46 మిల్లీలీటర్లు. రెండున్నర బీరు డబ్బాలకు పైమాటే. దాహంమీద ఉన్న మనిషి గటగటా తాగేసేది. పైగా ఆవిడ పొద్దున్నా సాయంత్రం షుగరు మాత్రలు వేసుకుంటుంది. ఆల్కహాలు లోపలికి వెళ్తే కాలేయం గ్లూకోజు తయారుచేసే పని మందగిస్తుంది. కొన్ని రకాల షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారిలో, అందులోనూ ఖాళీ కడుపుతో ఉంటే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తడబాటు, మాట ముద్దగా రావడం, మత్తు... చక్కెర పడిపోయిన లక్షణాలూ తాగిన లక్షణాలూ ఒకలాగే ఉండటంతో పక్కనున్నవారికీ తట్టదు. చిన్నపిల్లలకైతే కొద్దిపాటి ఆల్కహాలుతోనే చక్కెర పడిపోయే ముప్పుంది. ఆ ఇంట్లో ఆరేళ్లవాడు ఒకడున్నాడు. ఫ్రిజ్ అందుకోవడం వాడికి కష్టమేమీ కాదు.

అన్నట్టు, పక్కజగ్గులోని ద్రాక్షరసానిదీ ఓ కథే. చర్చిలో ప్రార్థనకు వైను వాడటం ఇష్టంలేక, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవబెట్టే ఉపాయాన్ని థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు 1869లో కనిపెట్టాడు. ఎక్కడో కాదు, అదే న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ ఊళ్లో. మద్యానికి బదులుగా పుట్టిన రసం, ఆ మద్యం పక్కనే అదే రంగులో నిలబడి ఇంత పని చేసింది!

ఆ సాయంత్రం అతిథులు వచ్చేలోపే అమ్మాయి జగ్గులోని సరుకును మూత బిగిసే సీసాలోకి మార్చేసింది. 'పెద్దవాళ్లది' అని తెలుగులో ఒకటి, పిల్లలకోసం ఇంగ్లిషులో ఒకటి కాగితాలు అతికించి పై అల్మారాలో పెట్టింది. ముందే కలిపి ఉంచడం ఇక బంద్, ఎవరి గ్లాసు వాళ్ల ఎదుటే కలపాలని మొగుడికి ఆర్డరు వేసింది. మూడుమూలల గ్లాసులు వోడ్కావాళ్లకే. మిగిలినవాళ్లకు స్టీలు గ్లాసులు.

పెద్దావిడకు స్టీలు గ్లాసే వచ్చింది. నాలుగు బ్లాక్‌బెర్రీలు మెదిపి, పంచదార లేకుండా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి వేసి సోడా పోసిచ్చారు. ఓ గుక్క తాగి చూసింది. 'పర్లేదు. నేరేడుకుండే వగరు దీనికి లేదు' అని తేల్చేసింది.

అత్తగారి మనసు కుదుటపడిందని అల్లుడు కాస్త ధైర్యం చేశాడు. లండన్ నల్లవోడ్కా సంగతి, అందులో కలిపే కాచు సంగతీ చెప్పుకొచ్చాడు. ఆవిడ గ్లాసు పక్కనపెట్టి శ్రద్ధగా అంతా విని, ఒకటే అడిగింది.

'కాచు సరే బాబూ, మరి సున్నం వెయ్యరా? నోరెలా పండుతుంది?'