పచ్చిల్లు ఏది?

వచ్చే ఆదివారం జనరల్ బాడీలో మన సంఘం పాత కట్టడాన్ని ప్రొమోటరుకి ఇచ్చే మాట వస్తుంది. దానికి ముందు మా అభిప్రాయం చెప్పుకోవాలని ఇది రాస్తున్నాం. ఎప్పటిలాగే కొంచెం పొడుగు. మేం చదివింది తమిళ మీడియం, రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాకు ఏడేళ్ళప్పుడు మా అవ్వ "పచ్చింటోళ్ళ దగ్గర జల్లెడ అడిగి తీసుకురా" అని పంపింది. బడిలో మాకు నేర్పిన పచ్చై అంటే ఆకు రంగు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాం. ఆకు రంగు ఇల్లు ఒక్కటీ లేదు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే అవ్వ నవ్వి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది. పసుపు రంగు ఇల్లు! తెలుగులో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే అని మాకు ఆ రోజు తెలిసింది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు అయిన మన పిల్లలందరికీ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది.

అప్పుడు పెరంబూరులో డోర్ నెంబరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ అక్కర్లేదు. నీలం ఇల్లు, కావి అరుగు ఇల్లు, పచ్చిల్లు, అంతే. పొంగల్ ముందు సున్నంలో రంగుపొడి కలిపి ఎవరిల్లు వాళ్ళు కొట్టుకునేవాళ్ళు. కాస్త నీలిమందు ఎక్కువ పడితే ఆ ఏడంతా వీధిలో ఎగతాళే. ఇప్పుడు ఆ పచ్చిల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్ ఉంది. రంగేమిటని అడిగితే మాకే చెప్పడం రాదు. ఇసుకా కాదు, బూడిదా కాదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజూ పెరంబూరు నుంచి సెంట్రల్‌కి లోకల్‌లో పోయినవాళ్ళం మేం. వ్యాసర్పాడి జీవా, బేసిన్ బ్రిడ్జి దాటి సెంట్రల్లో దిగి బయటికొస్తే ఎదురుగా రంగులే. స్టేషన్ ఎరుపు, దాని మీద తెల్ల గీతలు. పక్కన విక్టోరియా పబ్లిక్ హాలు ఎరుపు. ఆ పక్కన 1913 నాటి రిప్పన్ బిల్డింగ్ పాలలాగా తెలుపు. ఆ రెండు ఎరుపుల పక్కన ఉన్నందుకే ఆ తెలుపు అంత బాగుంటుందని మా అభిప్రాయం. ఇప్పుడు అక్కడే 27 అంతస్తుల భవనం రాబోతోంది. అది ఏ రంగులో నిలబడుతుందో చూడాలి.

మన పక్క సంగతి మీకు తెలిసిందే. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడింది. మనవాళ్ళు ఎందరో అన్నం తిన్న మిల్లు. ఆ స్థలంలో ఇప్పుడు టవర్లు. మొదటిది లేచినప్పుడు మేమూ తలెత్తి చూసి సంతోషపడ్డాం, అబద్ధం చెప్పం. మౌంట్ రోడ్డులో 1959లో ఎల్.ఐ.సి. కట్టినప్పుడు మా నాయన పనిగట్టుకుని పోయి చూసొచ్చాడట. ఒక్కటి ఉంటే గుర్తు. వరసగా లేస్తే ప్రహరీగోడ. మా మొట్టమాడి మీద వడియాలకి ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర దాటితే ఎండ లేదు.

టవర్లు వద్దనడం లేదు. మన పిల్లలే వాటిలో ఉంటున్నారు, లిఫ్టుంది, నీళ్ళున్నాయి. పైగా ఎత్తు మన చేతిలో లేదు. 2019 రూల్స్ ప్రకారం 18.3 మీటర్లు దాటితే హైరైజ్. మామూలు కట్టడానికి ఎఫ్.ఎస్.ఐ. 2, హైరైజ్‌కి 3.25. అంటే ఒక గ్రౌండు, 2400 చదరపు అడుగుల లెక్కలో, 4800 కట్టేచోట 7800 కట్టొచ్చు. ఏ ప్రొమోటరు వదులుతాడు? మెట్రో కూడా పెరంబూరు, ఓట్టేరి మీదుగానే వస్తోంది. మన వీధికి ఆ వెడల్పు లేదు కాబట్టి మనకి వచ్చేది స్టిల్ట్ మీద ఐదు అంతస్తులే.

కానీ రంగు మన చేతిలో ఉంది. దాన్ని కూడా ఎందుకు ఇచ్చేస్తున్నాం? డ్రాఫ్ట్ అగ్రిమెంట్ మేం చదివాం. లిఫ్ట్ కంపెనీ పేరుంది, టైల్స్ సైజుంది, బయటి రంగు మాత్రం "ప్రొమోటరు నిర్ణయం". తర్వాత ఫ్లాటు కొన్నవాళ్ళు బాల్కనీకి కూడా రంగు మార్చకూడదట. అడిగితే ప్రొమోటరు మర్యాదగానే చెప్పాడు: లేత రంగు వేడి పట్టదు, ముదురు రంగు ఎండకి వెలిసిపోతుంది, మళ్ళీ సారం కట్టి వేయాలంటే ఖర్చు. మూడూ నిజమే. అయినా గోపురాలకి పన్నెండేళ్ళకోసారి కుంభాభిషేకానికి సారం కట్టి రంగు వేస్తూనే ఉన్నారు కదా? వెలిసిపోతుందని గోపురానికి బూడిద రంగు వేయమని ఎవరైనా అన్నారా?

"రంగు వాడికే వదిలేసి ఇంకో రెండు లక్షలు అడుగుదాం అన్నా" అని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కోశాధికారి బాధ మాకు తెలుసు. పెంకులు కారుతున్నాయి, కార్పస్ అయిపోయింది. కట్టడం ఇవ్వక తప్పదు, మా ఓటూ దానికే. అయితే మూడు మాటలు అగ్రిమెంట్లో ఎక్కాలి. వీధి వైపు గోడ ఇప్పుడున్నట్టే ఇటుక ఎరుపు, తెల్ల అంచు. ముందర అరుగు, కావి రంగుతో. పేరు బోర్డు తెలుగులోనూ తమిళంలోనూ. రెండు లక్షలు తగ్గినా సరే. ఊళ్ళోంచి కొత్తగా వచ్చినవాడు ఆటోవాడికి "ఎర్ర బిల్డింగ్, తెలుగు బోర్డు" అని చెప్పి దిగగలగాలి.

ఇంకొక్క పని. ఆ ఎరుపు ఏ ఎరుపో చూపించడానికి ప్రొమోటరు నమూనా అడుగుతున్నాడు. ఇప్పుడున్న గోడ పాచి పట్టి నల్లబడింది. మా దగ్గరున్న పాత ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైట్. మీ ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బముల్లో సంఘం గోడ కనిపించే కలర్ ఫోటో ఏదైనా ఉంటే ఆదివారం తీసుకురండి. స్కాన్ చేయించి తిరిగి ఇస్తాం.