ముందు కట్టిన పైసలు, రాని సరుకు: రీఫండ్ గొడవల్లో మన హక్కు ఎంత, మన జాగ్రత్త ఎంత?

కరీంనగర్‌లో టైలరింగ్ చేసుకునే ఒక పెద్దమనిషి పోయిన నెల నా ముందు ఫోన్ పెట్టి వాట్సాప్ చాట్ చూపించారు. కూతురు పాలిటెక్నిక్ చదువుతోంది. పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే ఒక చిన్న కంపెనీకి ఆయన యూపీఐలో రూ.21,500 పంపారు. దుబాయ్‌లో ఉన్న పెద్ద కొడుకు పంపిన పైసలు అవి. ఏడు రోజుల్లో వస్తుందన్నారు. డెబ్బై రోజులైంది. చాట్‌లో కంపెనీవాళ్ల జవాబులు వరుసగా ఉన్నాయి. మొదట "రేపు డిస్పాచ్ సార్". తర్వాత "స్టాక్ పోర్టులో ఆగింది సార్". ఆ తర్వాత "రీఫండ్ ప్రాసెస్‌లో ఉంది సార్". చివరి మూడు మెసేజీలకు జవాబే లేదు.

"రేపు రేపు అంటుండు బేటా. మోసం జేసిండా, నిజంగనే కష్టంల ఉన్నడా సమజ్ అయితలేదు. పోలీసులకాడికి పోవాల్నా, కోర్టుకు పోవాల్నా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఆ చాచా ఒక్కరిది కాదు. జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్, ఎక్కడికి పోయినా ఇలాంటి చాట్ ఒకటి ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్, ఇన్వర్టర్, సీసీ కెమెరా, మొబైల్... సరుకు మారుతుంది, మాట మారదు. పెద్ద కంపెనీ అయితే యాప్‌లో ఒక బటన్ నొక్కితే పైసలు వెనక్కి వస్తాయి. చిన్న కంపెనీ అయితే అలా కాదు. అసలు ఎందుకు ఇలా అవుతుందో ముందు చూద్దాం. ఏం చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

హైదరాబాద్‌తో ముడిపడిన పాత కథ

ఆకాశ్ ట్యాబ్లెట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దాన్ని విడుదల చేశారు. ప్రపంచంలోనే చవకైన ట్యాబ్లెట్ అని ప్రచారం జరిగింది. తయారీదారు డేటావిండ్ అనే చిన్న కంపెనీ. ట్యాబ్లెట్లను అసెంబుల్ చేసింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చేది ఆకాశ్, మామూలు జనానికి కంపెనీ అమ్మేది యూబీస్లేట్ 7. దీని ధర రూ.2,999.

ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరవగానే జనం ఎగబడ్డారు. రెండు వారాల్లో 14 లక్షల ఆర్డర్లు వచ్చాయని 2012 జనవరిలో కంపెనీయే చెప్పుకుంది. అన్ని ట్యాబ్లెట్లు తయారుచేసే శక్తి దానికి అప్పుడు లేదు. ముందే డబ్బు కట్టినవాళ్లలో కొందరు నెలలు గడిచినా సరుకు రాలేదని, రీఫండ్ అడిగితే తిప్పుకుంటున్నారని ఫిర్యాదు చేశారు. ఇంతలో 2012లోనే డేటావిండ్‌కు, క్వాడ్‌కు మధ్య గొడవ బయటపడింది. మాకు బాకీ కట్టలేదని ఒకరు, ఒప్పందం తప్పారని ఇంకొకరు. ఇద్దరి గొడవలో నలిగింది కొనుగోలుదారు.

ఇంకో చట్టం కూడా అప్పుడు పనిచేసింది, అది డాలరు చట్టం. 2011 జూలైలో డాలరు సుమారు 45 రూపాయల దగ్గర ఉండేది. అదే ఏడాది డిసెంబర్‌కు 53 దాటింది. స్క్రీన్, చిప్, బ్యాటరీ అన్నీ బయటి దేశాల నుంచి రావాలి. అమ్మకం ధర మాత్రం ముందే ప్రకటించి పెట్టారు. అలాంటప్పుడు చిన్న కంపెనీ చేతిలో మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అంది. పేరు ఫ్రీడమ్ 251. వెబ్‌సైట్ ఒత్తిడికి కుప్పకూలింది. విమర్శలు, దర్యాప్తులు మొదలయ్యాక ముందే కట్టినవారి డబ్బు వాపసు ఇస్తున్నామని, ఇకపై సరుకు చేతికి అందాకే డబ్బు తీసుకుంటామని కంపెనీ ప్రకటించింది. 2017 ఫిబ్రవరిలో ఒక డీలర్ ఫిర్యాదుపై ఆ కంపెనీ అధిపతిని ఘాజియాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు.

ఈ రెండు కథలు ఒకటి కావు. మొదటిదాంట్లో సరుకు నిజంగా ఉంది, ఆలస్యంగానైనా చాలామందికి అందింది. రెండోదాంట్లో ధర చూడగానే అనుమానం రావాల్సింది. కానీ ఇంట్లో కూర్చున్న కొనుగోలుదారుకు మొదటి నెలలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు చిక్కు అదే.

అడ్వాన్స్ ఆదాయం కాదు, అప్పు

కామర్స్ చదివినవాళ్లకు తెలుసు. కస్టమర్ ఇచ్చిన అడ్వాన్స్ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు రాస్తారు. సరుకు చేతికిచ్చేదాకా ఆ పైసలు కంపెనీవి కావు. కాని చాలా చిన్న వ్యాపారాలు ఆ లెక్క మరిచిపోతాయి. ఖాతాలో పడ్డదంతా తమదే అనుకుంటాయి.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక కంపెనీకి రూ.3,000 చొప్పున 500 ఆర్డర్లు వచ్చాయి. మొత్తం రూ.15 లక్షలు. అందులో పాత బాకీలు, అడ్వర్టైజ్‌మెంట్, కిరాయి, జీతాలకు 4 లక్షలు పోయాయి. మిగిలింది 11 లక్షలు. ఒక్కో పీసుకు విడిభాగాలు రూ.2,400 అనుకుంటే 458 పీసులే తయారవుతాయి. డాలరు పెరిగి ఆ ఖర్చు రూ.2,600 అయితే 423 మాత్రమే. అంటే 77 మంది బయట నిలబడ్డారు. వాళ్లకు వాపసు ఇవ్వాల్సింది రూ.2,31,000. అవి ఎక్కడి నుంచి వస్తాయి? రేపు వచ్చే కొత్త ఆర్డర్ల నుంచి. కొత్త ఆర్డర్లు వస్తున్నంత కాలం "రేపు" అన్న మాట నడుస్తుంది. అవి ఆగిన రోజు ఫోన్ ఆగిపోతుంది.

ఇక్కడ ఓనర్ దొంగ అయి ఉండాల్సిన పని లేదు. మంచి మనిషే కావచ్చు. కాని మీ అనుమతి లేకుండా మీ పైసలను తన పెట్టుబడిగా వాడుకున్నాడు. మీరు కొనుగోలుదారు అనుకున్నారు, నిజానికి అప్పు ఇచ్చినవారు అయ్యారు. అదీ కాగితం లేని, తాకట్టు లేని అప్పు. కంపెనీ దివాలా తీస్తే ఇంకా కష్టం. ఫ్లాట్ కోసం ముందే డబ్బు కట్టినవాళ్లకు 2018లో దివాలా చట్టం సవరించి ఫైనాన్షియల్ క్రెడిటర్ల హోదా ఇచ్చారు. ల్యాప్‌టాప్ కోసం కట్టిన మన చాచాకు అలాంటి హోదా లేదు.

చట్టం ఏమంటోంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అదే నెలలో ఈ-కామర్స్ రూల్స్ కూడా వచ్చాయి. చెప్పిన తేదీ దాటి సరుకు వస్తే వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అని అమ్మినవాడు అనడానికి వీల్లేదు. వరదలు, లాక్‌డౌన్ లాంటి చేతిలో లేని కారణాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

మన జిల్లాలవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే మార్పు వేరే ఉంది. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, మీరు నివసించే లేదా పనిచేసే చోటే కేసు వేయొచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. వకీల్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆసిఫాబాద్, ఉట్నూరు లాంటి దూరపు చోట్ల నుంచి వాయిదాకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు కిరాయి అదనం. అందుకే ఆన్‌లైన్ దారి ముఖ్యం. 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్ నడుస్తోంది, ఫిర్యాదు అందులోనే వేయొచ్చు. వీడియోలో విచారణ కావాలని అడిగే వీలును చట్టమే ఇచ్చింది.

కమిషన్ ఆర్డర్ ఇచ్చాక కూడా కంపెనీ కట్టకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. కాగితం మీద చట్టం గట్టిదే. కాని లోపం కూడా చెప్పుకోవాలి. మూడు నెలల్లో కేసు తేల్చాలని చట్టంలో రాసి ఉన్నా, వాస్తవంలో వాయిదాలు సాగుతాయి. రూ.3 వేల కోసం అంత తిరగడం ఎవరికి చేతనవుతుంది? ఈ ఓపిక లేకపోవడమే చెడ్డ కంపెనీల ధైర్యం.

చిన్న దర్జీ, వెల్డింగ్ షాపు నడిపేవాళ్లు ఒకటి గమనించాలి. వ్యాపారం కోసం కొంటే వినియోగదారు కాదని కంపెనీ వాదిస్తుంది. కాని స్వయంఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న మిషన్‌కు చట్టంలో రక్షణ ఉంది.

మన దీన్ ఏమంటోంది?

ముందు డబ్బు, తర్వాత సరుకు అనే వ్యాపారం ఇస్లాంలో కొత్త కాదు. మదీనాలో ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ల ముందే డబ్బు ఇచ్చే అలవాటు ఉండేది. ప్రవక్త (స) దాన్ని ఆపలేదు, షరతులు పెట్టారు. కొలత తెలియాలి, తూకం తెలియాలి, గడువు తెలియాలి. దీన్నే సలమ్ అంటారు. చేయించి ఇచ్చే ఆర్డర్‌ను ఇస్తిస్నా అంటారు. అప్పు లావాదేవీని గడువుతో సహా రాసి పెట్టుకోవాలని సూరా బఖరాలో వివరంగా ఉంది.

ఇప్పుడు చాచా చాట్ చూడండి. మోడల్ పూర్తిగా రాసి లేదు. బిల్లు లేదు. తేదీ "వారం, పది రోజుల్లో". మూడు షరతుల్లో ఒక్కటీ నిలవలేదు. తప్పు అమ్మినవాడిదే. అయినా మొదటి రోజే ఆ మూడు అడిగి ఉంటే ఈరోజు చేతిలో ఆధారం ఉండేది.

మన సమాజంలో కొనేవాళ్లతోపాటు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే యువకులు ఎందరో. ఇవ్వగలిగి ఉండి బాకీని వాయిదా వేయడం జుల్మ్ అని హదీసుల్లో ఉంది. అలాగే ఆర్డర్ ఇచ్చి, పార్సిల్ ఇంటిముందుకు వచ్చాక వద్దని తిప్పి పంపే కొనుగోలుదారు కూడా ఆలోచించాలి. కొరియర్ ఖర్చు రెండువైపులా ఆ చిన్న వ్యాపారి మీదే పడుతుంది.

ఇంకో సందేహం కూడా వస్తుంది. కమిషన్లు చాలాసార్లు వడ్డీతో కలిపి వాపసు ఇమ్మంటాయి. సూద్ అని జంకి కొందరు కేసే వేయరు. పిటిషన్‌లో వడ్డీ అడగకుండా అసలు, నష్టపరిహారం, ఖర్చులు మాత్రమే అడగొచ్చు. మిగతా విషయం తెలిసిన ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోండి. హక్కు వదులుకోవాల్సిన అవసరం లేదు.

ఏం చేయాలి?

డబ్బు పంపకముందు బిల్లు, జీఎస్టీ నంబర్, షాపు చిరునామా అడగండి. డెలివరీ తేదీ, రీఫండ్ షరతు మెసేజ్‌లో రాయించుకోండి. వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి కాకుండా కంపెనీ ఖాతాకే పంపండి. వీలైతే సరుకు వచ్చాకే డబ్బు కట్టండి. పూర్తి మొత్తం ముందే ఇమ్మంటే, ఎందుకో అడగండి.

గడువు దాటాక ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. ఈమెయిల్ లేదా స్పీడ్ పోస్ట్‌లో 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వండి. 1915 నంబర్‌కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ అడగండి. అప్పటికీ తేలకపోతే కమిషన్.

చిరునామా అబద్ధం, నంబర్ స్విచాఫ్, పేజీ మాయం అయితే మాత్రం అది ఆలస్యం కాదు, మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. చాచా అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మనిషి దొరుకుతూ ఇవ్వకపోతే కమిషన్, మనిషే దొరకకపోతే పోలీస్.

ఆ కంపెనీ షాపు ఇంకా తెరిచే ఉందని తెలిసింది. చాచా కూతురే కూర్చుని నోటీసు రాసింది, తేదీలు, స్క్రీన్‌షాట్లు అన్నీ వరుసలో పెట్టింది. స్పీడ్ పోస్ట్ రసీదు ఆయన కుట్టు మిషన్ డ్రాయర్‌లో ఉంది. పదిహేను రోజుల గడువు వచ్చే వారం ముగుస్తుంది. అప్పటికీ పైసలు రాకపోతే ఈ-జాగృతిలో ఫిర్యాదు వేస్తారు. ఆ పాప ప్రాజెక్ట్ పని ప్రస్తుతానికి స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది.